గోపాల్‌పూర్ దగ్గర సముద్రంలో గాలం వేయడానికి కయాక్: ఏది కొనాలి, వెంట ఏమేం ఉండాలి?

కొత్తగాలం
ఉండేది బరంపురంలో. ఇన్నాళ్లూ గోపాల్‌పూర్ ఒడ్డున నిలబడే గాలం విసురుతున్నాను. పడేవి జెల్లలు, అదృష్టం బాగుంటే ఒక చిన్న పార చేప. పెద్ద చేపలు అలలు విరిగే చోటుకు అవతల తిరుగుతున్నాయి, నా దారం అక్కడిదాకా చేరదు. ఎవరి నావలోనైనా ఎక్కుదామంటే వాళ్ల పని వాళ్లది, నా గాలం వాళ్ల వలకు అడ్డం. అందుకే సొంతంగా ఒక కయాక్ (ఒక్కడు కూర్చుని తెడ్డుతో నడుపుకునే చిన్న పడవ) కొందామనుకుంటున్నాను. తెడ్డు, లైఫ్ జాకెట్టు అన్నీ కలిపి 40,000 దాటకూడదు. ఆన్‌లైన్‌లో గాలి నింపే రకాలు చవకగా కనబడుతున్నాయి, మడిచి డిక్కీలో పెట్టుకోవచ్చు. గట్టి ప్లాస్టిక్‌వి దానికి రెట్టింపు పైనే ఉన్నాయి. చెరువులో బాగానే ఈదుతాను. ఇంట్లో పెట్టిన షరతు ఒక్కటే: ముందు రక్షణ సామాను జాబితా చూపించాలి, ఆ తర్వాతే డబ్బు. ఆ జాబితా ఏదో మీరే రాసి పుణ్యం కట్టుకోండి.

చికిటి_చందువ
చెరువులో ఈత వచ్చని సముద్రానికి చెప్పారా? దానికి తెలియాలి కదా.

రంభ_రాజు
గాలి నింపేదే తీసుకోండి. నేను రంభ దగ్గర చిలికాలో వాడుతున్నాను, ఇంతవరకు ఏ ఇబ్బందీ లేదు. మోయడానికి ఒక్కడు చాలు, ఇంట్లో మంచం కింద పడి ఉంటుంది. గట్టి కయాక్ కొంటే దాన్ని పెట్టడానికి వేరే ఇల్లు చూసుకోవాలి.

విశాఖ_తెడ్డు
రాజు గారూ, చిలికాకూ గోపాల్‌పూర్‌కూ పోలిక ఎక్కడ? మీ దగ్గర విరిగే అల లేదు. గోపాల్‌పూర్‌లో ఒడ్డు నిటారుగా దిగుతుంది, అల వచ్చి ఒక్కసారిగా ఒడ్డు మీదే కూలుతుంది. చవకరకం గాలి కయాక్ తేలిక కాబట్టి ఎటు గాలి వీస్తే అటు పోతుంది. పైగా పనిముట్లేమో గాలాలు, కత్తి, జెల్ల ముల్లు. లోపల బట్టతో గట్టిగా కుట్టి, ఎక్కువ ఒత్తిడికి గాలి పట్టే ఖరీదైన రకాలు వేరు. అవి మంచివే, కానీ ఆ ధరకు గట్టి ప్లాస్టిక్‌దే వస్తుంది.

కొత్తగాలం గారూ, మీకు కావలసింది పైన కూర్చునే రకం. లోపల కాళ్లు దూర్చి కూర్చునేది కాదు. పొడవు 10 నుంచి 12 అడుగులు, వెడల్పు 30 అంగుళాలకు పైన. అంతకంటే పొట్టిదైతే నిటారుగా పోదు, ముక్కు అటూ ఇటూ తిప్పుతూ ఉంటుంది. అది మోయగల బరువు ఎంతని రాశారో చూసి, మీ బరువూ సామాను బరువూ కలిపినా అందులో మూడింట రెండు వంతులకు మించకుండా చూసుకోండి. అంచుదాకా నింపితే కూర్చునే చోటుకు నీళ్లొస్తాయి.

తెప్పలవాడు
మా తాతల కాలంలో దుంగల తెప్పే ఉండేది. దుంగలు పక్కపక్కన పేర్చి తాళ్లతో బిగించేవారు. అల మీద పడితే నీళ్లు సందుల్లోంచి దిగిపోయేవి. తిరగబడితే మళ్లీ ఎక్కి కూర్చునేవారు, మునగడమన్న మాటే లేదు. ఈ పైన కూర్చునే కయాక్‌ను మొదటిసారి చూసినప్పుడు మా నాన్న దాని అడుగున ఉన్న బెజ్జాల్లో వేలు పెట్టి చూసి, "ఇది మనదే" అన్నాడు. కాబట్టి రకం విషయంలో విశాఖ అన్న మాటే నా మాట.

ఇక జాబితా. మొదటిది డబ్బుతో పని లేనిది. ఒడ్డున అరగంట కూర్చుని అలలు చూడండి. పెద్దవి గుంపుగా వస్తాయి, తర్వాత కాసేపు చిన్నవి. ఏ గుంపుకు ఎన్ని, మధ్యలో ఎంత సందు అన్నది లెక్క తెలియకుండా దిగితే ఏ జాకెట్టు తొడిగినా ముందు ఇసుక తింటారు.

కొత్తగాలం
అలలు దాటితే అవతల ప్రశాంతంగానే ఉంటుంది కదా? ఉదయం ఆరింటికి చూస్తే నీళ్లలో కదలికే ఉండదు.

తెప్పలవాడు
తమ్ముడూ, అసలు భయం అక్కడే. తెల్లవారుజామున గాలి నేల మీదనుంచి సముద్రం వైపు పోతుంది. ఒడ్డున నిలబడితే అది మీ వీపుకు తగులుతుంది కాబట్టి దగ్గరి నీళ్లు నున్నగా కనిపిస్తాయి. తెరచాపల రోజుల్లో మావాళ్లు ఆ గాలితోనే బయటికి వెళ్లేవారు, పొద్దెక్కాక సముద్రం మీదనుంచి గాలి తిరిగితే దాంతో ఇంటికి వచ్చేవారు. మీకు తెరచాప లేదు. కిలోమీటరు అవతల గాలానికి చేప తగిలి మీరు దాని ధ్యాసలో ఉంటే, తల ఎత్తేసరికి గోపాల్‌పూర్ దీపస్తంభం అగ్గిపుల్లంత అయి ఉంటుంది.

విశాఖ_తెడ్డు
దీనికి లెక్క కలుపుతాను. కొత్తవాడు తెడ్డు వేస్తే గంటకు 4 నుంచి 5 కిలోమీటర్లు పోతాడు, అదీ గాలి లేనప్పుడు. గట్టి ఎదురుగాలిలో అందులో సగం కూడా రాదు, చేతులు మాత్రం రెట్టింపు అలసిపోతాయి. అందుకే నేల గాలి గట్టిగా ఉన్న ఉదయం నీళ్లు ఎంత అందంగా ఉన్నా దిగకూడదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార కేంద్రం) వాళ్లు అల ఎత్తు, ఒక అలకూ తర్వాతి అలకూ మధ్య వ్యవధి, గాలి దిశ రోజూ ముందుగా ఇస్తారు. మత్స్యకారులకు ఇచ్చే హెచ్చరికలు కూడా అక్కడే ఉంటాయి. అల ఎత్తు ఒక్కటే చూసి వదిలేయకండి. ఎత్తు మీటరే ఉన్నా వ్యవధి 14, 15 సెకన్లు ఉంటే అది చాలా దూరంనుంచి వస్తున్న అల, ఒడ్డు దగ్గర ఊహించనంత లేస్తుంది.

ఇచ్ఛాపురం_ఇంజనీరు
అందరూ భయపెట్టడమే గాని సామాను గురించి ఒక్కరూ రాయలేదు. నా జాబితా: జాకెట్టు, ఈల, తెడ్డును కయాక్‌కు కట్టే తాడు, నీళ్లు చొరని సంచిలో ఫోను, మూడు లీటర్ల మంచినీళ్లు, టోపీ. జాకెట్టు విషయంలో గాలి నింపుకునే రకం మేలు. మన ఎండకు నురుగు నింపిన జాకెట్టు తొడుక్కుంటే గంటలో ఉడికిపోతాం. అది బెల్టు లాగా ఉంటుంది, నీళ్లలో పడగానే దానంతట అదే ఉబ్బుతుంది.

విశాఖ_తెడ్డు
ఇంజనీరు గారితో రెండు చోట్ల ఒప్పుకోను.

ఒకటి జాకెట్టు. దానంతట ఉబ్బే రకం నీళ్లు తగిలితే పనిచేస్తుంది. అలలు దాటేటప్పుడు మీద పడే నీళ్లకే అది ఉబ్బితే, గుండె మీద బస్తాతో తెడ్డు వేయాలి. ఒకసారి వాడాక గ్యాస్ గొట్టం మార్చాలి, ఉప్పుగాలికి అది తుప్పు పడుతుందేమో చూస్తూ ఉండాలి. పెద్ద పడవలో డెక్కు మీద నిలబడేవాళ్లకు మంచిదే. అలల్లోంచి దూరే కయాక్‌కు నురుగుదే నయం. చంకల దగ్గర వెడల్పుగా కోసి ఉండాలి, లేకపోతే తెడ్డు వేస్తుంటే చర్మం ఒరుసుకుపోతుంది. మీద న్యూటన్లలో ఒక అంకె రాసి ఉంటుంది. 50 అంటే సుమారు 5 కిలోల బరువును తేల్చే బలం, ఈత వచ్చి స్పృహలో ఉన్నవాడికి సరిపోతుంది. స్పృహ తప్పినవాడి ముఖం పైకి తిప్పాలంటే 100 గానీ 150 గానీ కావాలి. దుకాణంలో తొడుక్కుని, పక్కవాడిని భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగమనండి. గడ్డం దాటి ముక్కుదాకా వచ్చిందంటే వదులు.

రెండోది తెడ్డు తాడు. అలలు విరిగేచోట తిరగబడితే ఆ తాడు కాలికో మెడకో చుట్టుకుంటుంది. ఆ పట్టీ దాటేదాకా తాడు విప్పి ఉంచాలి. అవతలికి వెళ్లాక కట్టుకోండి, అప్పుడు అది లేకపోతే తప్పు.

ఇచ్ఛాపురం_ఇంజనీరు
తాడు విషయం సరే. జాకెట్టు విషయంలో నా అభిప్రాయం మారలేదు. తొడుక్కోని నురుగు జాకెట్టు కంటే తొడుక్కున్న బెల్టు నయం. మన రేవుల్లో చూడండి, నారింజ రంగు జాకెట్లన్నీ కూర్చోవడానికి దిండ్లుగానే పనికొస్తున్నాయి.

తెప్పలవాడు
దిండు మాట నిజమే అన్నా, కాదనలేను. ఇంట్లో ఆడవాళ్లు చెప్పి చెప్పి అలిసిపోయారు.

ఛత్రపురం_మాస్టారు
కొనే ముందు ఎప్పుడు, ఎక్కడ వెళతారన్నది తేల్చుకోండి. ఋషికుల్య మొగ, అంటే ఆ నది సముద్రంలో కలిసే చోటు, తాబేళ్ల గుడ్ల తీరం. ధామ్రా, దేవి, ఋషికుల్య మొగల దగ్గర తీరంనుంచి 20 కిలోమీటర్ల మేర ఒడిశా ప్రభుత్వం నవంబరు 1 నుంచి మే 31 వరకు చేపలవేట నిషేధిస్తుంది. గోపాల్‌పూర్ ఆ మొగకు మరీ దూరమేమీ కాదు. తెడ్డు కయాక్‌కు ఏది వర్తిస్తుంది, గీత ఎక్కడిదాకా ఉంది అన్నది అటవీ శాఖనూ మత్స్య శాఖనూ అడిగి కాగితం మీద తీసుకోండి. దీనికి తోడు తూర్పు తీరమంతా మర పడవలకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు విరామం.

గాలానికి తాబేలు తగిలితే పైకి లాగి ఫోటో తీయకండి. దారం వీలైనంత దగ్గరగా కోసి వదలండి. 1972 వన్యప్రాణి చట్టంలో అది మొదటి షెడ్యూలు జంతువు, అంటే అన్నిటికంటే గట్టి రక్షణ ఉన్నది.

ఇంకొకటి, గోలాబంధ దగ్గర సైన్యం వాళ్ల ఫైరింగ్ రేంజ్ ఉంది, తుపాకులు సముద్రం వైపే పేలుతాయి. ఫైరింగ్ ఉన్న రోజుల్లో ముందే హెచ్చరిస్తారు. ఓడరేవు అడ్డుగోడల దగ్గరికి కూడా పోకండి, ఓడలకు మీరు కనబడరు.

చికిటి_చందువ
ఒకవైపు తాబేళ్లు, ఒకవైపు ఫిరంగులు, ఒకవైపు ఓడలు. కొత్తగాలం గారూ, సంతలో చేప కిలో ఎంత చెబుతున్నారు?

కొత్తగాలం
నవ్వండి. కానీ మాస్టారూ, చలికాలంలో తాబేళ్లు, జూన్ తర్వాత నైరుతి అలలు, అక్టోబరులో తుపాన్లు. నేను వెళ్లే రోజు ఏది?

ఛత్రపురం_మాస్టారు
అక్టోబరు జోలికి అసలు పోకండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస వైపు. ఆ నెలలో బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినబడితే కయాక్ ఇంట్లోనే ఉండాలి.

సోనాపూర్_కెరటం
గోపాల్‌పూరే ఎందుకు, దక్షిణానికి రండి. మా సోనాపూర్ ఋషికుల్య మొగకు 40 కిలోమీటర్లకు పైనే ఉంటుంది, ఆ 20 లోకి రాదు. అయినా మాస్టారు చెప్పినట్టు ఒక మాట అడగడం మంచిదే, గుడ్లు పెట్టే కాలంలో తాబేళ్లు మా వైపూ కనబడతాయి. ఇక్కడ బాహుదా ఏరు సముద్రంలో కలుస్తుంది, మొగకు లోపల నీళ్లు నిలకడగా ఉంటాయి. మొదట నెలా రెండు నెలలు ఆ లోపలి నీళ్లలో గాలం వేసుకోండి, పండుగప్ప కూడా పడుతుంది. కానీ మొగలోంచి సముద్రంలోకి వెళ్లే ఆలోచన పెట్టుకోవద్దు. ఆటు తీసే వేళ ఏరు బయటికి తోస్తుంది, అల లోపలికి తోస్తుంది, రెండూ కొట్టుకునే చోట మా నావలే ఆచితూచి వెళతాయి.

ఇచ్ఛాపురం_ఇంజనీరు
సోనాపూర్ దాటి కాస్త తెడ్డు వేస్తే మా డొంకూరు వైపు వచ్చేస్తారు. నీళ్లలో సరిహద్దు రాయి ఉండదు, అడిగితే ఏ భాషలో జవాబు చెప్పాలో సిద్ధం చేసుకోండి. ఆధార్ కార్డు కూడా ఆ నీళ్లు చొరని సంచిలోనే పెట్టండి, వేళాకోళం కాదు.

కొత్తగాలం
కాళ్లతో తొక్కే కయాక్ సంగతి ఏమిటి? చేతులు ఖాళీగా ఉంటాయి కదా, గాలానికి సుఖం.

విశాఖ_తెడ్డు
సుఖమే. మీ 40,000 లో రాదు. అడుగున రెక్కలు కిందికి దిగి ఉంటాయి, ఒడ్డుకు వచ్చేటప్పుడు పైకి లాగడం మరిచిపోతే ఇసుకకు తగిలి విరుగుతాయి. మొదటి కయాక్ తెడ్డుదే ఉండనివ్వండి.

పాతదైనా పరవాలేదు. కొనేటప్పుడు చూడవలసినవి చెబుతాను. అడుగున వెన్ను దగ్గర, ముఖ్యంగా వెనక భాగం, ఇసుకలో ఈడ్చి ఈడ్చి పలచబడి ఉంటుంది. బొటనవేలితో నొక్కితే లోపలికి పోతోందంటే వద్దు. గాలం కర్రలు నిలబెట్టడానికి సొంతంగా బెజ్జాలు చేసి ఉంటే వాటి చుట్టూ చూడండి. అక్కడినుంచి నీళ్లు బొజ్జలోకి చేరతాయి. పైన కూర్చునే కయాక్ మునగదని నమ్మి చాలామంది ఇక్కడే దెబ్బ తింటారు. లోపల నాలుగు బకెట్ల నీళ్లు చేరాయంటే అవి ఒక పక్కకు ఒరుగుతాయి, దాంతో పాటు మీరూ. ఎన్నిసార్లు ఎక్కినా మళ్లీ పడేస్తుంది. లోపల ఖాళీలో ఈతకు వాడే నురుగు గొట్టాలు కుక్కి ఉంచండి. ఖర్చు వందల్లో, వెలకట్టలేని సామాను. దిగే ముందు వెనక ఉన్న బిరడా బిగించారో లేదో చేత్తో తడిమి చూడండి.

రంభ_రాజు
గాలి కయాక్‌కు బొజ్జే లేదు, బిరడా గొడవే లేదు. ఊరికే చెబుతున్నాను.

చికిటి_చందువ
రాజు గారు పట్టు వదలరు. జెల్ల ముల్లు గుచ్చుకున్న రోజు బుస్సుమనే శబ్దం రికార్డు చేసి ఇక్కడ పెట్టండి.

డాక్టరమ్మ_బరంపురం
ముల్లు మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను. జెల్ల ముల్లులోనూ, టేకు చేప తోక ముల్లులోనూ విషం ఉంటుంది. గుచ్చుకుంటే ఆ చెయ్యో కాలో ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో ముంచి ఉంచాలి, 45 డిగ్రీలు దాటకూడదు, గంట దాకా ఉంచవచ్చు. నొప్పి బాగా తగ్గుతుంది. నొప్పిలో చేతికి వేడి తెలియదు, అందుకే నీటి వేడి పక్కవాళ్లు చూడాలి. విరిగిన ముల్లు లోపల ఉండిపోయిందేమో ఆసుపత్రిలో చూపించుకోవాలి, టెటనస్ ఇంజెక్షను తప్పనిసరి. ఛాతీలోనో పొట్టలోనో దిగిన ముల్లును మాత్రం మీరు పీకకండి.

పాములాంటిది గాలానికి వస్తే దారం కోసేయండి. సముద్రపు పాము విషం గట్టిది, కాటు పెద్దగా నొప్పి కూడా పుట్టదు.

ఎండ గురించి ఇంజనీరు గారు చెప్పింది సబబే, కానీ దానికి మందు జాకెట్టు మార్చడం కాదు, పొద్దెక్కకముందే వచ్చేయడం.

కొత్తగాలం
అందరూ తిరగబడితే తిరగబడితే అంటున్నారు. నిజంగా తిరగబడితే చేయవలసిందేమిటి?

విశాఖ_తెడ్డు
కయాక్ బోర్లా పడి ఉంటుంది. మీరు పక్కకు చేరి, దాని అడుగు మీదుగా చేతులు చాచి అవతలి అంచునో పిడినో పట్టుకోండి. మోకాళ్లు ఇవతలి అంచుకు ఆనించి ఒళ్లంతా వెనక్కి వాల్చండి, తిరుగుతుంది. ఇక ఎక్కడం. చేతులతో పైకి లాక్కోవాలని చూస్తే కాళ్లు కయాక్ కిందికి పోతాయి, అది మళ్లీ మీ మీదికే వస్తుంది. ముందు కాళ్లు తన్నుతూ ఒంటిని నీటిమట్టానికి తేవాలి, తర్వాత కయాక్‌ను మీ కిందికి లాక్కుంటూ పొట్ట మీద అడ్డంగా పాకాలి. బొడ్డు దాని మధ్యకు వచ్చాక వెల్లకిలా తిరిగి పిరుదులు సీటులో ఆనించి, అప్పుడు కాళ్లు లోపలికి తీసుకోండి. తొందరపడి లేచి కూర్చున్నవాడు మళ్లీ నీళ్లలోనే.

ఇది చదివితే వచ్చేది కాదు. జాకెట్టు తొడుక్కుని, బట్టలతో, సామాను కట్టిన కయాక్‌తో, నిలకడ నీళ్లలో కావాలని తిరగబడి నేర్చుకోవాలి. ఎవరి సాయం లేకుండా ఎక్కడం వచ్చేదాకా సముద్రం లేదు.

తెప్పలవాడు
ఒడ్డుకు వచ్చేటప్పుడు సంగతి నేను చెబుతాను. వెళ్లేటప్పటికంటే వచ్చేటప్పుడే ఎక్కువ దెబ్బలు, ఎందుకంటే అల వీపు వెనక ఉంటుంది, కనబడదు. విరిగే గీతకు బయట ఆగండి. గాలాలన్నీ దారంనుంచి విప్పి పెట్టెలో పెట్టండి, కర్రలు పడుకోబెట్టి కట్టండి. పెద్ద గుంపు వెళ్లిపోయాక దాని చివరి అల వెనకాలే రండి, దాని ముందు కాదు. కయాక్ అడ్డం తిరిగిందంటే అల వైపు వాలండి, ఒడ్డు వైపు వాలితే బోర్లానే. పడ్డారా, కయాక్‌కు సముద్రం వైపు ఉండండి. ఒడ్డుకూ కయాక్‌కూ మధ్య మీరు నిలబడితే తర్వాతి అల ఆ 30 కిలోల ప్లాస్టిక్‌నూ, అందులోని నీళ్లనూ కలిపి మీ మోకాళ్ల మీదికి తెస్తుంది. పోయిన ఏడాది ఒక టూరిస్టు కాలు అలాగే విరిగింది, నేనూ మా బావా మోసుకొచ్చాం.

ఛత్రపురం_మాస్టారు
తిరగబడడం నేర్చుకోవడానికి మా తంపరా సరస్సు ఉంది. మంచినీళ్లు, అల లేదు. అక్కడ పడవలు నడిపేవాళ్ల అనుమతి తీసుకుని ఒక మూల చూసుకోండి.

కొత్తగాలం
సహాయం పిలవడానికి ఫోను ఒక్కటే చాలా? వీహెచ్‌ఎఫ్ వాకీటాకీ కొనాలా?

సోనాపూర్_కెరటం
ఫోను సిగ్నలు ఒడ్డుకు దగ్గర ఉన్నంతసేపే నమ్మకం. కోస్ట్ గార్డ్ నంబరు 1554, మామూలు అత్యవసరానికి 112, రెండూ ఫోనులో ముందే పెట్టుకోండి. వీహెచ్‌ఎఫ్‌లో ఆపద పిలుపులకు 16వ ఛానలు. మా నావల్లో కొన్నింటికి ఉంది. మీరు కొనాలంటే లైసెన్సు సంగతి ముందు కనుక్కోండి. ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత పరికరం కూడా ఉంది, ఉపగ్రహం ద్వారా కోస్ట్ గార్డ్‌కు చేరుతుంది, కానీ అది మత్స్యకార పడవల కోసం.

వీటన్నిటికంటే ముందు, ఏ రేవులో దిగుతున్నారో అక్కడి మనిషికి చెప్పి వెళ్లండి. ఎన్నింటికి వస్తారో చెప్పండి. రాకపోతే నావ వేసుకుని వెతకబోయేది ఆ మనిషే.

తెప్పలవాడు
పొడవాటి కర్రకు కొట్టొచ్చినట్టు కనబడే రంగు జెండా కట్టి వెనక నిలబెట్టండి. కయాక్ నీలం రంగుది కొనకండి. ఫైబరు నావ వేగంగా వస్తుంటే ముందు ముక్కు లేచి ఉంటుంది, నడిపేవాడికి ఎదురుగా నీళ్లలో కూర్చున్న మనిషి కనబడడు. పసుపో నారింజో ఉండాలి. వలల గుర్తు జెండాలు కనబడితే చుట్టూ తిరిగి వెళ్లండి, మా వల మీద గాలం వేసి గొడవ తెచ్చుకోకండి.

విశాఖ_తెడ్డు
లంగరు పక్కనుంచి వేయకండి. ప్రవాహం లాగితే కయాక్ ఒరిగిపోతుంది. ముక్కుకో తోకకో కట్టాలి, లాగగానే ఊడే ముడితో. చిన్న కత్తి జాకెట్టుకే ఉండాలి, పెట్టెలో కాదు. నా మాట అడిగితే మొదటి సీజనంతా లంగరే వద్దు.

కొత్తగాలం
రాసుకున్నాను. పాత 11 అడుగుల పసుపుపచ్చది ఒకటి భువనేశ్వర్‌లో అమ్మకానికి ఉంది, వచ్చే వారం వెళ్లి బొటనవేలితో నొక్కి చూస్తాను. మాది చిన్న కారు. పైన కట్టి తేవచ్చా?

ఇచ్ఛాపురం_ఇంజనీరు
తేవచ్చు. పైన రెండు అడ్డపట్టాలు ఉండాలి, వాటికి రెండు బెల్టులు, ముందూ వెనకా ఒక్కో తాడు. బెల్టుకు ఒక మెలిక తిప్పి బిగిస్తే గాలికి మోగదు. ఎండలో కారు ఆపి భోజనానికి వెళితే బెల్టు వదులు చేయండి, వేడికి ప్లాస్టిక్ మెత్తబడి బిగించిన చోట సొట్ట పడుతుంది. తిరిగి బయలుదేరేటప్పుడు బిగించడం మరవకండి.

చికిటి_చందువ
పైన కయాక్ సరే, పట్టిన చేప ఎక్కడ?

డాక్టరమ్మ_బరంపురం
ఐసు పెట్టెలో. ఇది హాస్యం కాదు. కానాగంత, సూర లాంటివి ఎండలో కొన్ని గంటలు వదిలేస్తే వాటిలో హిస్టమిన్ తయారవుతుంది, తిన్నవాళ్లకు ముఖం ఎర్రబడి ఒళ్లంతా దద్దుర్లు వస్తాయి. ఎంత ఉడికించినా అది పోదు. పట్టిన వెంటనే ఐసులో పెట్టాలి.

కొత్తగాలం
ఐసు పెట్టె కూడా ఆ 40,000 లోంచేనా?

తెప్పలవాడు
ఐసు రేవు దగ్గర మావాళ్లే ఇస్తారు. పెట్టె మీరు తెచ్చుకోండి.